బర్మా ధాన్యపుగాదె ఎందుకు ఖాళీ అయింది?

మన ఇళ్ళలో పెద్దవాళ్ళను కదిపితే బర్మా పేరు ఏదో ఒక వస్తువుతోపాటు బయటికి వస్తుంది. తాతగారు చేయించిన బీరువా బర్మాటేకుది. వంటింటి మూలనున్న పాత కిరసనాయిలు డబ్బామీద బర్మాషెల్ కంపెనీ పేరు వుండేది. అమ్మమ్మ కమ్మల్లో పొదిగినవి బర్మా కెంపులు. పంటలు సరిగా పండని ఏట వోడలమీద వచ్చి మన ఆకలి తీర్చినవి బర్మా బియ్యం.

కలప, నూనె, రత్నాలు, ధాన్యం — ఒక దేశానికి ఇంతకంటే ఏం కావాలి? అయినా 1987 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆ దేశాన్ని ప్రపంచంలోకెల్లా వెనుకబడిన దేశాల జాబితాలో చేర్చింది. చేర్చమని అడిగింది కూడా ఆ దేశపు ప్రభుత్వమే! కలిగిన ఇంటి యజమాని వీధిలోకి వచ్చి, “అయ్యా, నన్ను బీదవాడి కింద రాసుకోండి” అని దరఖాస్తు పెట్టుకున్నట్లయింది.

మా చిన్నతనంలో మా వీధి చివర ఒక ముసలమ్మగారు వుండేది. అసలు పేరు ఎవరూ పిలవరు. అందరికీ ఆమె “రంగం మామ్మ”. రంగూన్‌ను మన ఉత్తరకోస్తావారు రంగం అనేవారు. ఆమె ట్రంకుపెట్టె అడుగున, పెళ్ళినాటి చీర మడతలో, ఒక నూరు చాట్‌ల నోటు వుండేది. చాట్ అంటే అక్కడి రూపాయి. పిల్లలం దాన్ని చూపించమని వేధించేవాళ్ళం.

“ఇది చెల్లదుగా మామ్మా, ఎందుకు దాచుకున్నావు?” అని ఒకనాడు అడిగాను.

“చెల్లదని నాకూ తెలుసురా నాయనా. దీనికోసం మీ తాత ఎన్ని బస్తాలు మోశాడో, అదీ నాకు తెలుసు” అన్నది.

ఆ నోటు ఎందుకు చెల్లకుండా పోయిందో తెలుసుకుంటే బర్మా కథ సగం తెలిసినట్లే.

రంగం వెళ్ళిన మనవారు

విశాఖపట్నానికి ఢిల్లీ ఎంత దూరమో, సముద్రానికి అడ్డంగా రంగూన్ కూడా ఇంచుమించు అంతే దూరం. కాని నూరేళ్ళ క్రిందట శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల పల్లెవాడికి ఢిల్లీ కంటే రంగూనే దగ్గర. స్టీమరెక్కితే కొద్దిరోజుల ప్రయాణం. దిగినచోట కూలి దొరికేది.

ఇంగ్లీషువారు మూడు యుద్ధాలు చేసి 1885 నాటికి బర్మా మొత్తాన్ని ఆక్రమించి, ఇండియాలో ఒక రాష్ట్రంగా కలిపేశారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో యూరప్‌కు బియ్యం పంపడం సులువైంది. ఐరావతీ నది ముఖద్వారంలోని అడవులు నరికి, చిత్తడి నేలలను మళ్ళు చేశారు. రెండవ ప్రపంచయుద్ధానికి ముందు బర్మా ఏటా సుమారు ముప్ఫై లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసేది. ప్రపంచంలో మరే దేశమూ అంత పంపలేదు.

ఆ ధాన్యాన్ని దంచిన మిల్లులలో, వోడలకెక్కించిన రేవులలో పనిచేసినవారిలో తెలుగువారు వేలాదిమంది. కోరంగి రేవునుంచి మొదట వెళ్ళినందువల్ల బర్మావారు మనవారందరికీ “కోరంగీలు” అని పేరుపెట్టారు. మేస్త్రీ బయానా ఇచ్చి కూలీలను తీసుకుపోయేవాడు. ఆ బాకీ తీరేవరకు అతను చెప్పిందే వేదం. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. గాదె నిండింది. కాని నింపిన రైతుకు మిగిలింది తక్కువ. ఎగుమతి ఇంగ్లీషు కంపెనీలది. వడ్డీ వ్యాపారం తమిళ చెట్టియార్లది. కూలిపని మనవారిది. సొంత దేశంలో తనకేమిటని బర్మావాడు అడిగాడంటే అది న్యాయమైన ప్రశ్నే. 1930లో ప్రపంచమంతటా ధరలు పడిపోయినప్పుడు వడ్ల ధర కూడా కూలిపోయింది. బాకీలు తీర్చలేని రైతుల పొలాలు చెట్టియార్ల పరమయ్యాయి. కొద్ది ఏళ్ళలోనే దిగువ బర్మా వరిపొలాలలో దాదాపు నాలుగోవంతు వారి చేతికి వచ్చింది.

ఆ 1930లోనే, మే నెలలో, రంగూన్ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వారి స్థానంలో బర్మావారిని పనిలో పెట్టుకున్నారు. సమ్మె పరిష్కారం కాగానే బర్మావారిని పొమ్మన్నారు. కడుపుమండిన పేదలకూ, కడుపు నిండని పేదలకూ మధ్య కత్తులు లేచాయి. నూరుమందికి పైగా చనిపోయారు. చచ్చినవారిలో ఎక్కువమంది తెలుగువారు. కూలి మిగుల్చుకుందామని చూసినవారికి మాత్రం ఏమీ కాలేదు.

1941 డిసెంబరులో జపానువారు రంగూన్‌మీద బాంబులు వేశారు. మరుసటి ఏడు నాలుగు లక్షలకు పైగా భారతీయులు ఇల్లూ వాకిలీ వదిలి ఇండియా దారి పట్టారు. వారిలో ఎక్కువమంది కొండలూ అడవులూ దాటి అస్సాముకు, మణిపురానికి నడిచి వచ్చినవారే. దారిలో జ్వరాలకూ ఆకలికీ వేలాదిమంది రాలిపోయారు. బర్మా బియ్యం ఆగిపోవడం 1943 బెంగాల్ కరువుకు వున్న కారణాలలో ఒకటి. పొరుగింటి గాదె మూతపడితే మన ఇంట పొయ్యి ఆరిపోతుందని అప్పుడు తెలిసింది.

తెల్లవారుజామున వచ్చిన స్వరాజ్యం

మనకు అర్ధరాత్రి స్వాతంత్ర్యం వస్తే, బర్మాకు 1948 జనవరి 4న తెల్లవారుజామున నాలుగుగంటల ఇరవై నిమిషాలకు వచ్చింది. ముహూర్తం పెట్టింది జ్యోతిష్కులు. కాని గ్రహాలకంటే ముందే ఒక అపశకునం జరిగిపోయింది. స్వాతంత్ర్యం సాధించిన నాయకుడు ఆంగ్‌సాన్‌ను 1947 జూలై 19న, మంత్రివర్గపు సమావేశంలో వుండగా, రాజకీయ ప్రత్యర్థి పంపిన మనుషులు కాల్చిచంపారు. ఆయనతోపాటు కాబోయే ప్రభుత్వంలోని పెద్దలు చాలామంది ఒక్క ఉదయాన పోయారు. ఆంగ్‌సాన్‌కు అప్పటికి 32 ఏళ్ళు. షాన్, కచిన్, చిన్ కొండజాతులవారితో పాంగ్‌లాంగ్‌లో కూర్చుని, అందరం కలిసి వుందామని ఒప్పందం చేసుకున్నది ఆయనే. ఆ మాట నిలబెట్టవలసిన మనిషి లేకుండా పోయాడు.

మొదటి ప్రధాని ఊ నూ మంచివాడు, భక్తుడు, నెహ్రూగారికి స్నేహితుడు. ఆయన కుర్చీలో కూర్చున్న మూడు నెలలకే కమ్యూనిస్టులు తిరగబడ్డారు. మరుసటి ఏడు కారెన్ జాతివారు తిరగబడ్డారు. ఒక దశలో ఆయన ప్రభుత్వం రంగూన్ దాటి ఎక్కడ చెల్లుతుందో చెప్పలేని పరిస్థితి వచ్చింది.

అయినా ఆ పద్నాలుగేళ్ళూ బర్మాకు ఆశవున్న రోజులు. ఎన్నికలు జరిగాయి. పత్రికలు నోరువిప్పి రాశాయి. రంగూన్ విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి పొరుగుదేశాల విద్యార్థులు వచ్చేవారు. బర్మా ఉపాధ్యాయుడొకరు, ఊ థాంట్, 1961లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి పదవికి ఎక్కాడు. ఆసియాలో పైకివచ్చే దేశాలలో బర్మా ముందువరుసలో వుంటుందని చాలామంది పెద్దలు అనుకున్నారు.

కాని గాదె అడుగున చిన్న చిల్లు అప్పుడే పడింది. బియ్యం ఎగుమతి అంతా ప్రభుత్వ సంస్థ ఒక్కటే చేసేది. రైతుకు ఒక స్థిరమైన ధర ఇచ్చి, విదేశాలకు ఎక్కువ ధరకు అమ్మి, ఆ తేడాతో ఫ్యాక్టరీలు కట్టాలని ఆలోచన. కొరియా యుద్ధపు రోజులలో ప్రపంచంలో బియ్యం ధర ఆకాశాన్నంటితే ఖజానాకు బాగా సొమ్ము చేరింది. రైతుకు మాత్రం పాత ధరే. తాను పండించిన దానితో తాను బాగుపడనప్పుడు ఎవడు మాత్రం ఇంకో ఎకరం దున్నుతాడు? ఉత్పత్తి మెల్లిగా కోలుకున్నది గాని, ఎగుమతులు మాత్రం యుద్ధానికి ముందునాటి స్థాయిని తిరిగి అందుకోలేదు.

కంచే చేను మేసింది

రాజకీయ పార్టీలు చీలి కొట్టుకుంటూ వుంటే, 1958లో ఊ నూ స్వయంగా సైన్యాధిపతి నేవిన్‌ను పిలిచి, కొన్నాళ్ళు పరిపాలన చూడమన్నాడు. చూశాడు. 1960లో ఎన్నికలు జరిపి అధికారం తిరిగి ఇచ్చాడు కూడా. ఆ రుచి మాత్రం మరిచిపోలేదు. 1962 మార్చి 2 తెల్లవారేసరికి ఊ నూతో సహా పలువురు మంత్రులు నిర్బంధంలో వున్నారు. పొలానికి కాపలా వేసిన కంచె చేను మేయడం మొదలుపెట్టింది.

నాలుగునెలలకు, జూలైలో, రంగూన్ విద్యార్థులు నిరసన చేస్తే సైనికులు కాల్పులు జరిపారు. విద్యార్థి సంఘం భవనాన్ని డైనమైటు పెట్టి పేల్చేశారు. ఒకనాడు ఆంగ్‌సాన్, ఊ నూ నాయకులుగా తయారైన భవనం అది.

సైనికులు తమ విధానానికి “బర్మా మార్గపు సోషలిజం” అని పేరుపెట్టారు. 1963లో బ్యాంకులు ప్రభుత్వపరం చేశారు. మరుసటి ఏడు పెద్ద దుకాణాలనుంచి చిల్లర కొట్లవరకు స్వాధీనం చేసుకుని “ప్రజల దుకాణాలు” అని బోర్డులు తగిలించారు. నిన్నటిదాకా తుపాకి పట్టినవాడు ఇవాళ బియ్యంకొట్టులో కూర్చున్నాడు. లెక్క తెలియదు, సరుకు తెలియదు. విదేశీయుడికి ఒక దశలో 24 గంటలకు మించి దేశంలో వుండటానికి అనుమతి లేదు. తలుపు మూసుకున్న ఇంటిలో ఏం జరుగుతున్నదో పొరుగువారికి తెలియకుండా పోయింది.

1964 మే నెలలో ప్రభుత్వం 50, 100 చాట్‌ల నోట్లు రద్దుచేసింది. తెచ్చి అప్పజెప్పమన్నది. తిరిగి చెల్లించింది మాత్రం కొంత పరిమితి మేరకే. సంపన్నులైన పరదేశీ వ్యాపారులను కొట్టాలని ఆ దెబ్బ వేశారు. కాని బ్యాంకు మొహం చూడని కూలీలూ, చిల్లర వ్యాపారులూ సొమ్ము పెట్టెలలోనే దాచుకునేవారు. దెబ్బ వారికీ తగిలింది. మా రంగం మామ్మ పెట్టె అడుగున నోటు అటువంటిదే. క్యూలో నిలబడే ధైర్యం లేక కొందరూ, సంగతి తెలిసేసరికి గడువు దాటిపోయి కొందరూ, ఆ కాగితాలను అలాగే వుంచుకున్నారు.

ఆ ఏటినుంచి కొద్ది సంవత్సరాలలోనే సుమారు మూడు లక్షలమంది భారతీయులు బర్మా వదిలి వచ్చారు. తరతరాల ఆస్తి అక్కడే. ఒంటిమీది నగకూడా చాలామందికి దక్కలేదు. విశాఖపట్నం కంచరపాలెంలో “బర్మా క్యాంపు” అనే పేట నేటికీ వారి జ్ఞాపకంగా వున్నది. వారిలో చాలామంది బర్మాలోనే పుట్టి, తెలుగు ఇంట్లోనూ బర్మాభాష వీధిలోనూ మాట్లాడినవారు. సొంత దేశానికి వచ్చి పరదేశులైనారు.

మరి వారిని పంపించి బర్మావాడు బాగుపడ్డాడా? లేదు. 1960 దశకం ఆరంభంలో సుమారు 17 లక్షల టన్నులున్న బియ్యం ఎగుమతి, ఆ దశకం చివరికి ఏడు లక్షల టన్నుల లోపుకు దిగజారింది. 1967లో సాక్షాత్తూ బర్మాలోనే బియ్యానికి కటకట వచ్చి అల్లర్లు జరిగాయి. ప్రపంచానికి అన్నం పెట్టిన దేశం తన బిడ్డలను క్యూలో నిలబెట్టింది. ఎందుకు? రైతు ఏ పంట వేయాలో ఆఫీసరు చెప్పాడు. ఎంత కొలవాలో అతనే చెప్పాడు. ఏ ధరకు అన్నదీ అతనే చెప్పాడు. ఎరువూ, నూనే, గుడ్డా ప్రజల దుకాణంలో దొరకవు. చాటుగా కొనాలంటే నాలుగింతలు పెట్టాలి. దాంతో రైతు వడ్లు దాచుకున్నాడు, లేదా దొంగదారిన అమ్ముకున్నాడు.

తొమ్మిదితో భాగించే నోట్లు

కథలో అన్నిటికంటే విచిత్రమైన ఘట్టం ఇది. 1985లో ప్రభుత్వం 20, 50, 100 చాట్‌ల నోట్లు రద్దుచేసి, 75 చాట్‌ల కొత్త నోటు వేసింది. అప్పటికి నేవిన్ వయస్సు 75. తర్వాత 15, 35 చాట్‌ల నోట్లు వచ్చాయి. 1987 సెప్టెంబరు 1న, ధాన్యం వ్యాపారం ఇకమీద ఎవరైనా చేసుకోవచ్చునని ప్రకటించారు. జనం సంతోషించారు. నాలుగు రోజుల తర్వాత, సెప్టెంబరు 5న, 25, 35, 75 చాట్‌ల నోట్లు చెల్లవన్నారు. ఈసారి ఒక్క కాసు కూడా మార్చి ఇవ్వలేదు. దేశంలో చలామణీ అయ్యే సొమ్ములో సగానికి పైగా ఒక్కరోజులో చిత్తుకాగితమైపోయింది.

వాటి బదులు వచ్చినవి 45, 90 చాట్‌ల నోట్లు. రెండూ తొమ్మిదితో భాగింపబడేవి. తొమ్మిది నేవిన్‌కు అచ్చివచ్చిన అంకె అని దేశమంతా చెప్పుకున్నారు. కూరగాయల దుకాణంలో 45 నోటు ఇచ్చి చిల్లర తీసుకోవలసిన గృహిణి అవస్థ ఊహించుకోండి!

పరీక్ష ఫీజుకు దాచుకున్న డబ్బు కాగితమైపోయిన విద్యార్థులు వీధిలోకి వచ్చారు. మరుసటి సంవత్సరం, 1988 ఆగస్టు 8న, దేశమంతా లేచింది. అప్పటికే జూలైలో నేవిన్ పార్టీ అధ్యక్షపదవి వదులుకున్నాడు. సెప్టెంబరు 18న సైన్యం మళ్ళీ వచ్చి, కాల్పులతో వీధులు ఖాళీ చేయించింది. మృతులు వేలల్లో వుంటారని అంచనా.

ఆంగ్‌సాన్ కూతురు సూకీ కథ పాఠకులకు తెలిసినదే. ఆమె తల్లి మన దేశంలో బర్మా రాయబారి. సూకీ ఢిల్లీలోనే కాలేజీ చదువు చదివింది. 1990 ఎన్నికలలో ఆమె పార్టీ 392 స్థానాలు గెలిచినా సైన్యం అధికారం ఇవ్వలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో సుమారు పదిహేనేళ్ళు ఆమె గృహనిర్బంధంలోనే గడిచాయి.

తెరుచుకుని మూసుకున్న తలుపు

2008 మే నెలలో నర్గీస్ తుఫాను ఐరావతీ వరిపొలాలను ముంచి, సుమారు లక్షా ముప్ఫై ఎనిమిది వేలమందిని బలితీసుకున్నది. సహాయం పట్టుకువచ్చిన విదేశీయులను వాకిట్లోనే నిలబెట్టి, సైన్యం ఆ నెలలోనే కొత్త రాజ్యాంగానికి వోట్లు వేయించుకున్నది. ఆ రాజ్యాంగం ప్రకారం పార్లమెంటులో నాలుగోవంతు స్థానాలు సైనికులవి. మార్చాలంటే నాలుగింట మూడువంతులకు మించి వోట్లు కావాలి. తాళం వేసి, తాళంచెవి కూడా వారే వుంచుకున్నారన్నమాట.

అయినా 2011నుంచి పదేళ్ళు తలుపు కొంత తెరుచుకున్నది. ఒకప్పుడు వేయి డాలర్లు దాటిన సెల్‌ఫోను సిమ్‌కార్డు 2014లో డాలరున్నరకు దిగింది. బియ్యం ఎగుమతులు మళ్ళీ లక్షల టన్నులలోకి ఎక్కాయి. 2015లో సూకీ పార్టీ గెలిచి ప్రభుత్వం ఏర్పరచింది. కాని 2017లో సైన్యం దౌర్జన్యాలకు తాళలేక ఏడు లక్షలమందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయినప్పుడు ఆమె సైన్యాన్ని సమర్థించి, ప్రపంచంలో తన పేరు చెడగొట్టుకున్నది. 2021 ఫిబ్రవరి 1న ఆ సైన్యమే ఆమెనూ పట్టుకుని జైలులో వేసింది. ఆ ఒక్క సంవత్సరంలో దేశ ఆర్థికవ్యవస్థ సుమారు 18 శాతం కుంచించుకుపోయిందని ప్రపంచబ్యాంకు అంచనా. 2023లో నల్లమందు పండించడంలో అది ప్రపంచంలో మొదటి స్థానానికి ఎక్కింది. వరిలో మొదటిదిగా వున్న దేశం చివరికి దేనిలో మొదటిదైందో చూడండి!

పొరుగువారిని చూస్తే

బర్మాకు తూర్పున థాయిలాండు. అదే వరి, అదే బౌద్ధం, అక్కడా సైనికుల కుట్రలే. థాయి ప్రభుత్వమూ బియ్యంమీద పన్ను వేసి రైతు లాభం కొంత గుంజుకున్నది. కాని రోడ్లు వేసింది, వ్యాపారిని తరిమివేయలేదు, రైతును మొక్కజొన్న వేసుకుంటావో కర్రపెండలం వేసుకుంటావో నీ ఇష్టమన్నది. నేడు థాయివాని సగటు ఆదాయం బర్మావానికి అయిదు రెట్లు.

పడమట బంగ్లాదేశ్. 1971లో రక్తపుమడుగులో పుట్టింది, 1974లో కరువు చూసింది. అక్కడా హత్యలు, సైనికపాలనలు. 2024లో విద్యార్థుల తిరుగుబాటుతో ప్రధాని దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. అయినా లక్షలాది ఆడపిల్లలు కుట్టుమిషన్ల ముందు కూర్చుని ఆ దేశాన్ని ప్రపంచంలో దుస్తులు ఎగుమతిచేసే పెద్దదేశాలలో ఒకటిగా నిలబెట్టారు. టేకూ కెంపులూ లేని ఆ దేశం ఆదాయంలో బర్మాను దాటిపోయింది.

కాబట్టి బర్మాను చెడగొట్టినది సోషలిజం అనే మాట ఒక్కటే కాదు, సైనికపాలన ఒక్కటే కాదు. పండించేవాడి మాట వినేవాడు లేకపోవడం, తప్పు జరిగితే తప్పని చెప్పే పత్రికా, శాసనసభా లేకపోవడం. గాదెకు చిల్లు పడితే ఇంట్లో ఎవరో ఒకరు చూసి అరవాలి. అరిచినవారిని జైలులో వేస్తే గింజలు కారిపోతూనే వుంటాయి.

ఇదంతా మనకెందుకు అనుకోవడానికి లేదు. మణిపురం, మిజోరంలతో సహా మన నాలుగు రాష్ట్రాలు ఆ దేశాన్ని ఆనుకుని వున్నాయి. ఈమధ్య మన తెలుగు కుర్రవాళ్ళు కంప్యూటరు వుద్యోగమని ఏజెంటు చెప్పిన మాట నమ్మి, థాయిలాండుమీదుగా బర్మా సరిహద్దులోని మోసపు ముఠాల చేతిలో చిక్కుకున్నారు. 2025 మార్చిలో భారత ప్రభుత్వం అలా చిక్కినవారిని అయిదువందలమందికి పైగా విమానాలలో వెనక్కు తెచ్చింది. వారిలో ఆంధ్ర, తెలంగాణ యువకులూ వున్నారు. నూరేళ్ళ క్రిందటి మేస్త్రీ బయానాకూ, నేటి ఏజెంటు అడ్వాన్సుకూ తేడా ఎంత?

రంగం మామ్మ పోయి చాలాకాలమైంది. ఆ నోటు ఏమైందో నేను అడగలేదు. కాని ఆమె బర్మావారిని తిట్టగా నేనెన్నడూ వినలేదు. “వాళ్ళూ మనలాటి వాళ్ళేరా. మేము వచ్చేసే రోజున పక్కింటి బర్మా ఆవిడ అన్నం మూటకట్టి ఇచ్చింది. మాకు రావడానికి ఒక వూరుంది. పాపం, వాళ్ళెక్కడికి పోతారు?” అనేది.